తిరుగు టికెట్టు లేని నవలలు

బ్రిటన్‌కు బయలుదేరుతున్న మనిషికి మంచి నవలలు చెప్పడం కంటే మంచి గొడుగు కొనివ్వడం మేలు. ఇంగ్లీషు పాఠం చెప్పుకుని బతికేవాడికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. నాకు తెలియలేదు. తెలియకపోగా, నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ మురిపెంలో మా ఇంటి మీదికి పెద్ద గొడవ తెచ్చిపెట్టాను. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావరకు తెలివి ఎక్కువై చేసినవే. ఇది వాటిలో మేలురకం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఇల్లు ఏలూరులో. పొద్దున్నే సీజన్ టికెట్టు జేబులో వేసుకుని రైలెక్కడం, చీకటి పడేలోగా తిరిగి రావడం. బ్రిటన్ గురించి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను. అక్కడి కొండల మీది రాతిగోడలు, పచ్చిక బీళ్లు, సముద్రం అంచున తెల్లటి సుద్దకొండలు, బొగ్గు ఊళ్ల మసి, అన్నీ నాకు కంఠతా వచ్చు. చూసింది మాత్రం ఇటు విశాఖపట్నం, అటు హైదరాబాదు. డిగ్రీ కాలేజీవాణ్ణి కదా అని అక్కడ చలి ఎన్ని డిగ్రీలుంటుందో కూడా నన్నే అడిగేవారు. నేనూ మొహమాటపడకుండా చెప్పేవాణ్ణి.

మా ఆవిడ కైకలూరులో రొయ్యల జబ్బులు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. చెరువుల రైతులు సీసాల్లో నీళ్లు, కవర్లలో నీరసించిన రొయ్యలు పట్టుకుని వస్తారు. ఆవిడ మైక్రోస్కోపులోంచి చూసి, మందు వేయాలో వల వేయాలో చెబుతుంది. ఆ పనిలో ఆవిడకున్న మంచిపేరు వల్ల బ్రిటన్ తూర్పు తీరంలో ఉన్న ఒక పరిశోధన కేంద్రం నుంచి ఆరు నెలల శిక్షణకు పిలుపు వచ్చింది. జీవితమంతా ఆ రాయల్ దేశాన్ని వర్ణించినవాడు ఏలూరులో ఉండిపోగా, రొయ్యల పుణ్యమా అని ఆవిడకు విమానయోగం పట్టింది.

ఇంట్లో మూడో మనిషి మా అత్తగారు, అంటే మా ఆవిడ తల్లి. మా మామగారు కొల్లేటికోట బళ్లో మాస్టారుగా పనిచేయడంతో ఆవిడ కాపురమంతా ఆ ఊళ్లోనే గడిచింది. ఆయన పోయాక మా దగ్గరికి వచ్చేశారు. కొల్లేరు పొంగిన ఏడు ఇల్లు మునిగి తాను అటకెక్కి కూర్చున్న కథ ఆవిడ ఏటా వానాకాలంలో ఒకసారైనా చెబుతారు. ఆవిడకో నియమం ఉంది. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్తున్నా గుమ్మం దాకా వచ్చి "వెళ్లిరండి" అంటారు. నేను వీధి చివరికి పాలపాకెట్టు కోసం వెళ్లినా అంతే. ఆ మాట వినకుండా మా ఆవిడ గడప దాటగా నేను చూడలేదు. మైక్రోస్కోపులో కనబడితే తప్ప దేన్నీ నమ్మని మనిషి, ఆ ఒక్క మాట కోసం బస్సు తప్పిపోతున్నా సరే, చెప్పులు వేసుకుని వంటింటి వైపు తిరిగి నిలబడేది.

పిలుపు వచ్చిన కొత్తలో ఆవిడే అడిగింది.

"ఏవండీ, అక్కడి ఊళ్లు, మనుషులు ఎలా ఉంటారో తెలిసేలా నాలుగు నవలలు చెప్పండి. బస్సులో చదువుకుంటాను."

పెళ్లయిన తరవాత ఆవిడ నన్ను అడిగి పుచ్చుకున్న మొదటి సలహా అది. నా కాళ్లు నేల మీద ఆనలేదు. పుస్తకాల బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఇప్పటి బ్రిటన్‌లో బస్సెలా ఎక్కాలో, అద్దెగది ఎలా వెతుక్కోవాలో తెలిసే పుస్తకాలు ఇవ్వాలని ఏ బుద్ధిమంతుడికైనా తోస్తుంది. నేను మాత్రం వాన బాగా కురిసినవి, గాలి బాగా వీచినవి ఏరాను. గొర్రెల మందతో సహా మంచుకొండల్లో చిక్కుకుపోయిన ఇల్లాలి కథ ఒకటి. చలికాలంలో మనిషి మొహం కనబడని సముద్రపు ఒడ్డున హోటలు నడుపుకునే అక్కచెల్లెళ్ల కథ ఇంకొకటి. నూలు మిల్లుల ఊళ్లో కాలవ పక్క గదిలో దగ్గుతూ కాలం గడిపే అమ్మాయి కథ మరొకటి. వీటన్నిటికీ పైన, నాకు ప్రాణమైన నవల: తూర్పు తీరపు చిత్తడి నేలల్లో ఉన్న ఒక పల్లెకు పంతులమ్మగా వచ్చిన పడుచు కథ. మా ఆవిడ వెళ్లేదీ సరిగ్గా ఆ ప్రాంతానికే. ఇంతకంటే అతికినట్టుండే నవల ఎవరు చెప్పగలరు?

ఆవిడ మంచుకొండల పుస్తకం బస్సులో తెరిచింది. "నేను దిగాల్సిన చోటు వచ్చింది గానీ ఆ మంచు పడటం ఆగలేదండీ," అని సాయంత్రం తిరిగి ఇచ్చేసింది. "మీరే కథ చెప్పేయండి. సర్దుకుంటూ వింటాను."

మా వైపు ఇది మామూలే. ఒకరు చదువుతారు, నలుగురు చెప్పించుకుంటారు. మా అత్తగారు వారపత్రికల సీరియళ్లన్నీ మామగారు చదివి చెబుతుంటే, బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్న మనిషి.

మంచిరోజు చూసి అత్తగారు కొత్త సూట్‌కేసు తెరిపించారు. మూతకు పసుపు రాసి కుంకుమ పెట్టి, మొదటి వస్తువుగా కందిపొడి డబ్బా లోపల పెట్టించారు. మా ఆవిడ స్వెట్టర్లు మడతపెడుతోంది. అత్తగారు చాటలో బియ్యం పోసుకుని కూర్చున్నారు.

"అల్లుడుగారూ, ఆ దేశం కథేదో చెబుతానన్నారట కదండీ. కానివ్వండి, నేనూ వింటాను."

క్లాసులో నేను నోరు తెరిస్తే వెనక బెంచీలు నిద్రకు పడతాయి. ఇక్కడ రెండు జతల చెవులు నన్నే కనిపెట్టుకుని ఉన్నాయి. చిత్తడి నేలల పంతులమ్మ కథ అందుకున్నాను. ఊరంతా తుంగ, నీళ్లు, పొగమంచు. చలికాలం సాయంత్రం బడి మూసి బయల్దేరింది. మధ్యలో దారి తప్పింది. గుడి గంట ఎటు నుంచి మోగుతోందో తెలియడం లేదు. అత్తగారి చేతిలో బియ్యం ఆగిపోయాయి. నాకు హుషారు పుట్టింది.

"లాంతరు వెలుగు తుంగలోకి వెళ్లింది. కాసేపు కనబడింది. తరవాత కనబడలేదు. ఆ అమ్మాయి ఇక ఇంటికి తిరిగి రాలేదు," అని గొంతు తగ్గించి, పుస్తకం టప్పున మూశాను.

ఇంకో టప్పుమన్న చప్పుడు వినబడింది. సూట్‌కేసు మూత. కందిపొడి డబ్బా బయటికి తీసి మరీ మూశారు మా అత్తగారు.

"ప్రయాణానికి పెట్టె తెరిచిన పూట, పసుపు ఆరకముందే, తిరిగి రాలేదన్న మాట ఇంట్లో వినబడిందండీ. అదీ ఇంటి అల్లుడి నోట. ఈ ప్రయాణం వద్దమ్మా," అన్నారు కూతురితో. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"అది నవల అత్తయ్యగారూ! వందేళ్లనాటిది."

"వందేళ్లయినా రాలేదన్నమాట," అన్నారు డబ్బాతో వంటింట్లోకి వెళ్తూ.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో గాలి మారిపోయింది. మా ఆవిడ ల్యాబ్‌కు వెళ్తుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చి ఎప్పటిలాగే "వెళ్లిరా" అనేవారు. ఆ దేశం మాట ఎత్తితే మాత్రం చీపురు అందుకునేవారు. ఊడ్చిన ఇల్లే ఊడ్చేవారు. శిక్షణ కేంద్రానికి వచ్చే సోమవారంలోగా విమానం టికెట్టు వివరాలు పంపాలి. పంపకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆవిడ ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన అవకాశం, నేను గొంతు తగ్గించి చెప్పిన ఒక్క వాక్యంతో మునిగిపోయేలా ఉంది.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. అదే భయంగా ఉంది.

"అమ్మ వెళ్లిరా అనకుండా నేను విమానం ఎక్కలేనండీ. ఎక్కినా, అక్కడున్నన్నాళ్లూ అదే చెవిలో మోగుతుంది. చాదస్తమే అనుకోండి," అంది. తరవాత బీరువా వైపు చూసింది. "ఇన్ని పుస్తకాలున్నాయి కదా మీ దగ్గర. ఆ దేశం వెళ్లి, పని చూసుకుని, ఇంటికి తిరిగొచ్చిన ఆడది ఒక్కతైనా లేదా? ఆ కథ చెప్పండి అమ్మకు."

ఎంత చిన్న కోరిక! బోలెడు ఉంటాయిలే అనుకున్నాను. బీరువా తెరిచి నవలల ఆఖరి పేజీలు చదవడం మొదలుపెట్టాను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా అంత నిర్దయగా పేజీలు తిప్పి ఎరగను. గొర్రెల ఇల్లాలు మంచులోనే ఉండిపోయింది. హోటలు అక్కచెల్లెళ్లలో ఒకరు సముద్రం వైపు నడిచి వెళ్లారు, రెండోవారు ఆ సముద్రాన్ని చూస్తూ కిటికీ దగ్గర మిగిలిపోయారు. మిల్లుల ఊరి అమ్మాయి దగ్గు తగ్గలేదు. పోనీ సుఖంగా ముగిసినవి చూద్దామంటే, వాటిలో అమ్మాయిలు అక్కడే పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడ్డారు. సుఖాంతమైనా అక్కడే, దుఃఖాంతమైనా అక్కడే. ఇంటికొచ్చిన మనిషి లేదు. ఏ నవలల అంతం చూసి నేను కంటతడి పెట్టుకున్నానో, అవే ఇప్పుడు నా అంతు చూడటానికి వచ్చినట్టున్నాయి.

కాలేజీ లైబ్రరీలో వెతికాను. అక్కడా అదే వాన.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. వెతికిన కొద్దీ భయం నాకూ అంటుకుంది. ఫోనులో ఏలూరు వాతావరణం చూడటం మానేసి, ఆవిడ వెళ్లబోయే ఊరి వాతావరణం చూడసాగాను. గాలి హెచ్చరిక అని ఒకరోజు కనబడితే అన్నం సహించలేదు. ఆవిడ స్వెట్టర్లు చూస్తే అవి మరీ పల్చగా ఉన్నట్టు అనిపించింది. ఒకసారి దగ్గితే ఉలిక్కిపడ్డాను. పోపు ఘాటు అని చెబితే గానీ ఊపిరి తీసుకోలేదు. అత్తగారిది శకునాల భయం, నాది సాహిత్య భయం. ఆవిడ భయానికి ఒక్క వాక్యమే ఆధారం. నా భయానికి బీరువా నిండా ఆధారాలున్నాయి.

రైల్లో నా ఎదురు సీట్లో రోజూ ఒక ఉల్లిపాయల వ్యాపారి కూర్చుంటాడు. గూడెం మార్కెట్లో కొట్టు. మూడ్రోజులుగా నన్ను గమనిస్తున్నట్టున్నాడు.

"ఏవండీ మాస్టారూ, ఆ పుస్తకాన్ని వెనకనుంచి చదువుతున్నారేంటండీ? అది ఉర్దూ పుస్తకం కాదు కదా?"

ఎవరికైనా చెప్పుకోవాలని ఉందేమో, మొత్తం చెప్పేశాను. ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు.

"అయితే మీ నవలల్లో ఒక్క ఆడమనిషి కూడా తిరుగు టికెట్టు తీసుకోలేదంటారు!"

"లేదండి."

"మా సరుకు కోస్తే కాసేపే ఏడుస్తారండీ. మీది వందేళ్లు నిలవున్న ఏడుపు." కళ్లు తుడుచుకుని, నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఊళ్లో సరుకు లేకపోతే మేం చేతులు ముడుచుకుని కూర్చుంటామాండీ? కర్నూలు నుంచి తెప్పించి కొట్టు నింపుతాం. కొనేవాడికి కూర ముఖ్యం గానీ ఉల్లిపాయ ఊరు ముఖ్యమా? మీరూ ఎక్కడినుంచైనా తెప్పించండి."

భీమడోలు దగ్గర రైలు సిగ్నలు కోసం ఆగింది. కిటికీలోంచి చూశాను. చేపల చెరువుల మీద పొగమంచు పరుచుకుని ఉంది. గట్టు మీద ఒక మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని నడుస్తున్నాడు. నడుము కింద మంచు, నడుము పైన మనిషి. గట్టు పొడవునా తుంగ. ఎక్కడో నీటికోడి అరిచింది. నేను ఇన్నేళ్లుగా బల్లగుద్ది వర్ణించిన ఆ చిత్తడి దేశం, సీజన్ టికెట్టు మీద రోజూ నా పక్కనుంచే పోతోంది. తలెత్తి చూస్తే కదా? నేనెప్పుడూ పుస్తకంలో ఉండేవాణ్ణి.

సరుకు ఎక్కడినుంచి తెప్పించాలో అప్పుడు తోచింది.

ఆ సాయంత్రం అట్ట ఊడిన పాత ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకానికి కొత్త అట్ట వేసి, అత్తగారి ముందు కూర్చున్నాను.

"వద్దండీ బాబూ మీ కథలు," అన్నారు.

"ఇది వేరండీ. ఇందులో ఎవరూ చావరు."

"ముందే చెప్పేస్తే ఇంకేం కథండీ?" అన్నారు గానీ, లేచి వెళ్లి చాట తెచ్చుకున్నారు.

వ్యాకరణం పుస్తకంలోకి చూస్తూ, ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతున్నవాడిలా మొదలుపెట్టాను. మెట్ట ప్రాంతపు అమ్మాయి ఒకతె చేపల జబ్బులు కనిపెట్టే చదువు చదివింది. తూర్పు తీరంలో నీళ్ల మధ్య ఉన్న ఊరికి ఉద్యోగం మీద వచ్చింది. గట్లు, కాలవలు, తుంగ, పక్షులు. అక్కడిదాకా బాగానే సాగింది. తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఆ పిల్ల భోజనం ఎక్కడండీ?"

"రొట్టె, వెన్న తినేదండీ."

"పొద్దున సరే. రాత్రికి?"

"రాత్రికి... రాత్రికి కూడా..."

"రెండు పూటలా రొట్టె తింటే మనిషి నిలుస్తుందాండీ?" చాట కింద పెట్టబోయారు.

నేను గబగబా పేజీ తిప్పాను. "లేదండి, ఆ ఊళ్లో మనవాళ్ల కొట్టొకటి ఉంది. బియ్యం, ఉప్మారవ్వ దొరుకుతాయి."

"వందేళ్ల కిందట ఉప్మారవ్వ దొరికేదాండీ?"

వంటింట్లో మా ఆవిడకు పొలమారింది.

"ఇది కొత్త నవలండీ," అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. అంతకంటే కొత్త నవల ఆ పూటకు ఎక్కడా లేదు. నా నోట్లోంచి రావాల్సిన తరవాతి వాక్యం నాకే తెలియదు.

అలా రోజుకింత చొప్పున అమ్మాయిని కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాను. వాన పడితే ఇంటావిడ చేత గొడుగు ఇప్పించాను. జలుబు చేస్తే మిరియాల కషాయం కాయించాను. అంత భద్రంగా ఏ రచయితా తన కథానాయికను పెంచి ఉండడు. సోమవారం ముంచుకొస్తోంది. ఆదివారం సాయంత్రం కథ ముగించి, అమ్మాయిని రైలెక్కించి ఇంటికి చేర్చేయాలని ముందే అనుకున్నాను. మా ఆవిడ కూడా తెరిచి ఉంచిన టికెట్ల పేజీతో ఫోను పట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

అక్కడే నా పాత జబ్బు తిరగబెట్టింది. అన్ని నీళ్లు, అన్ని గట్లు పెట్టుకుని, ఒక్క గండైనా పడకుండా కథ ముగించడానికి మనసు ఒప్పలేదు. వర్ణన ఊపులో ఉన్నాను. సముద్రం పోటెత్తింది, గట్టు తెగింది, అని నోరు జారాను. జారాక చూస్తే అత్తగారి చేయి గుండెల మీద ఉంది. గుమ్మం దగ్గర మా ఆవిడ కళ్లు మూసుకుంది.

అమ్మాయి ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయి. పుస్తకంలో చూస్తే అక్కడ కర్మణి వాక్యాల అభ్యాసం ఉంది. అది ఏ మనిషినీ వరదలోంచి తీయలేదు. కంగారులో నోటికి ఏది దగ్గరగా ఉంటే అది చెప్పుకుంటూ పోయాను.

"ఆ అమ్మాయి నిచ్చెన వేసుకుని అటకెక్కిందండీ. రాత్రంతా అక్కడే. తెల్లారాక చూరు దగ్గరికి ఒక దోనె వచ్చింది. పడవవాడు రమ్మన్నాడు. ఆ అమ్మాయి ఒక బుట్ట కూడా అందించబోయింది. దానికి చోటు లేదమ్మా అన్నాడు. కోడి ఎక్కితేనే నేనెక్కుతాను, అంది ఆ అమ్మాయి."

అత్తగారు చేయి గుండెల మీంచి తీశారు. నన్నే తేరిపార చూశారు.

"అల్లుడుగారూ, ఆ కోడి నాదండీ," అన్నారు.

నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

"అటక నాది. దోనె నాది. కోడీ నాదే. నా ఒళ్లో ఓ చంటిపిల్ల కూడా ఉండాలి. దాన్ని ఎక్కడ దాచారండీ?"

"ఆ పిల్లే కదండీ ఇప్పుడు వెళ్తానంటున్నది," అన్నాను. పుస్తకం ఆవిడ ముందు పెట్టేశాను. "ఇందులో కథ లేదండీ. ఇది వ్యాకరణం. అక్కడికెళ్లి తిరిగొచ్చినావిడ కథ ఎక్కడా దొరకలేదు."

అత్తగారు చాటలో బియ్యాన్ని వేళ్లతో అటూ ఇటూ సర్దారు. రాళ్లు ఏరడం ఎప్పుడో అయిపోయింది. 

"దొరక్కపోతే పోయింది. ఆ పిల్ల ఇంటికొచ్చిందా లేదా అది చెప్పండి."

"వచ్చిందండి."

"అలా పొడిగా కాదు. పూర్తిగా అనండి."

"పని పూర్తి చేసుకుని, క్షేమంగా, లాభంగా, ఇంటికి తిరిగొచ్చిందండి."

"ఆఁ. ఆ రోజు చెడ్డమాట ఏ నోట వచ్చిందో ఈ మంచిమాట ఆ నోటే రావాలండీ. మా అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో అంతే. పుస్తకంలో ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? నేను ఎదురుచూస్తున్నది దానికే. మీరేమో ఉప్మారవ్వ దగ్గర అన్ని రోజులు తిరిగారు." గుమ్మం వైపు చూసి గొంతెత్తారు. "ఏమే, అలా నిలబడ్డావేం? పెట్టె తియ్యి. ఆ కందిపొడి డబ్బా మళ్లీ లోపల పెట్టు."

మా ఆవిడ పెట్టె తియ్యలేదు. ముందు ఫోనులో టికెట్టు తీసింది. వెళ్లడానికీ, రావడానికీ కలిపి.

బయల్దేరిన రోజు అత్తగారు గుమ్మంలో నిలబడి "వెళ్లిరా" అన్నారు. ఒక్కసారే అన్నారు, ఎప్పటిలాగే. నేను మాత్రం విమానాశ్రయం దాకా ఆ మాటను లోలోపల ఎన్నిసార్లు అనుకున్నానో తెలియదు. ఆవిడ దిగినట్టు కబురు వచ్చేదాకా ఫోను చేతిలోంచి దించలేదు. రొయ్య ఎలా మెలికలు తిరుగుతుందో మైక్రోస్కోపు లేకుండానే తెలిసింది.

చేరింది. బాగుంది. నా కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

అక్కడ ఆవిడ మధ్యాహ్నం భోంచేసే వేళకు ఇక్కడ దీపాలు పెట్టే వేళవుతుంది. రోజూ అప్పుడు వీడియో కాల్. తల్లీ కూతుళ్లకు నేనే వినోదం.

"అమ్మా, చూడవే, ఎండ! గట్లు, కాలవలు, తుంగ, అంతా మన వైపులాగే ఉంది. ముదినేపల్లి రోడ్డు మీద ఉన్నట్టే ఉందే."

"అల్లుడుగారు చెప్పిన పొగమంచు ఏదే?"

"బజార్లో అడిగానమ్మా. స్టాకు అయిపోయిందట."

"లాంతర్లు పట్టుకుని తిరిగేవాళ్లు?"

"సెల్‌ఫోను లైటు వేసుకుని కుక్కల్ని తిప్పుతున్నారు."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవారు. నేను కుర్చీలో కూర్చుని పెద్దమనిషిలా పేపరు తిప్పేవాణ్ణి. మా అల్లుడుగారి ఇంగ్లండు వేరు, అసలు ఇంగ్లండు వేరు అని అత్తగారు వీధి వీధంతా చెప్పారు. రైల్లో ఉల్లిపాయల ఆయన "ఏవండీ, అక్కడ ఇప్పటిదాకా ఎవరూ పోలేదు కదా?" అని రోజూ పరామర్శ.

అన్నిటికంటే గట్టి దెబ్బ తరవాత తగిలింది. నేను చెప్పిన నవల ఒక్కటీ పూర్తి చేయని మనిషి, అక్కడ తాను అద్దెకున్న ఇంటావిడ ఇచ్చిందని ఒక నవల చదివి, ఎదురు నాకే చెప్పింది.

"చదవండి, బావుంటుంది. పల్లెటూళ్లో టీ దుకాణం, దాన్ని నడిపే పెద్దావిడ, ఓ పిల్లి. అందరూ వచ్చి కేకులు తిని కబుర్లు చెప్పుకుంటారు. ఎవరూ చావరు. ఇక్కడ ఏ కొట్లో చూసినా ఇలాంటివేనండీ, గుట్టలుగా."

నేను ఆఖరి పేజీలు తిప్పి తిప్పి వెతికిన నవల! కొట్లో గుట్టలుగా! ఆశ చావక అడిగాను. "ఆఖరుకు ఆవిడ ఇంటికి తిరిగొస్తుందా?"

"ఆవిడ ఎక్కడికీ వెళ్లదుగా," అంది.

ఇద్దరి నవ్వూ ఆగాక అత్తగారు కళ్లు ఒత్తుకుంటూ అన్నారు. "అది సరే గానీ అల్లుడుగారూ, మన కథలో ఆ కోడి తరవాత ఏమైందండీ?"

అది అడగడమే ఆవిడ పొరపాటు.

ఆ మర్నాటి నుంచి వ్యాకరణం పుస్తకం మళ్లీ తెరిచాను. మా ఆవిడ అక్కడ భోంచేస్తూ ఫోనులో వినేది. కథలోకి ఒక పెద్దావిడను తీసుకొచ్చాను. మంచి మనిషి, మాటకారి. ఎవరు కథ చెప్పినా మధ్యలో అడ్డుపడి, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అని అడుగుతుంది. "ఈవిడెవరో కానీ జాగ్రత్త గల మనిషండీ," అని అత్తగారు మెచ్చుకున్నారు. ఫోనులో మా ఆవిడ తినడం ఆపింది. అర్థమైనట్టుంది.

నిన్న సాయంత్రం ఆ పెద్దావిడను పడవెక్కించాను. శాస్త్రానికి లోటు రాకుండా శాలువా కప్పాను, ఫ్లాస్కు నిండా కాఫీ పోశాను, తోడుగా కోడిని కూడా ఇచ్చాను. పడవ తుంగ మధ్యకు వెళ్లింది. అప్పుడు దింపాను పొగమంచు. మా వైపు చెరువుల మీద దిగుతుందే, చేయి చాపితే చేయి కనబడనిది, ఆ రకం. ఎటు చూసినా తెలుపు. పడవ తోసే గెడ చేతిలోంచి జారింది. ఎక్కడో ఎవరో పిలిచినట్టు వినబడింది.

పుస్తకం మూసేశాను.

"అదేంటండీ! గెడ దొరికిందా?" అన్నారు అత్తగారు. చేతిలో బియ్యం ఆగిపోయాయి.

"ఏవండీ! పడవ మధ్యలో ఆపేస్తారేంటి? ఆవిడ ఒడ్డుకు చేరిందా లేదా చెప్పండి," అంది ఫోనులోంచి మా ఆవిడ. కేకలాంటిది ఏదో తింటోంది. చెంచా గాల్లో ఉంది.

"క్షేమంగా చేరుతుంది. ఎలా చేరిందో మాత్రం నువ్వు ఇంటికొచ్చాక చెబుతాను."

అత్తగారు నన్నూ, ఫోనునూ మార్చి మార్చి చూశారు. తరవాత ఫోను లాక్కుని కూతురి మొహంలో మొహం పెట్టారు.

"ఏమే అమ్మాయీ, నీ తిరుగు టికెట్టు ఎప్పటికే? కాస్త ముందుకు జరపరా వాళ్లు?"

నేను వ్యాకరణం పుస్తకాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను.